పదప్రయోగం – ఔచిత్యం

'క్రింది పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి' అన్నది పాఠశాల తరగతుల నుండి విద్యార్థికి చిరపరిచితమైన ప్రశ్న. చూడడానికి ఇది తేలికైనదే. పద్యాన్ని కంఠస్థం చేయనక్కరలేదు, ప్రతిపదార్థం వ్రాయనక్కరలేదు. ఒక పదం, దాని చుట్టూ ఒక చిన్న వాక్యం, అంతే. అయినా సమాధానపత్రాలలో ఎక్కువ వింతలు కనిపించేది ఇక్కడే. 'ఉపేక్షించు' అనే పదానికి ఒక విద్యార్థి "మా అమ్మ నన్ను ఎంతో ప్రేమగా ఉపేక్షిస్తుంది" అని వ్రాశాడనుకొందాం. ఆ వాక్యంలో కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది. వ్యాకరణరీత్యా వంక పెట్టడానికి వీలులేదు. కాని ఆ వాక్యం ఒక తల్లిపై మోపరాని నింద మోపింది. ఉపేక్షించడమంటే చూచి కూడా పట్టించుకోకుండా వదిలివేయడం.

ఆ విద్యార్థి మనసులో మెదిలిన మాట వేరు. "మా అమ్మమ్మ ఎంతో ఆపేక్షగా పలకరించింది" అని ఇళ్లలో అనే మాట అతని చెవిలో ఉంది. 'ఆపేక్ష' అంటే ప్రేమ, అభిమానం. మొదటి అక్షరం కుదించి 'అపేక్ష' అంటే కోరిక. దానికి బదులు 'ఉ' చేర్చి 'ఉపేక్ష' అంటే నిర్లక్ష్యం. చెవికి దగ్గరివే అయినా అర్థంలో ఈ మూడు మాటలు మూడు దిక్కులకు పోతాయి. ఉద్యోగం కోరుతూ వ్రాసిన అర్జీలో "తమ అనుగ్రహాన్ని అపేక్షిస్తున్నాను" అనవలసిన చోట "ఉపేక్షిస్తున్నాను" అని ఉంటే, ఆ అర్జీదారు తన దరఖాస్తును తానే తిరస్కరించుకొన్నట్లవుతుంది. సొంతవాక్యంలో దొర్లిన తప్పు ఒకటి రెండు మార్కులతో పోతుంది. అర్జీలోనో, ఆహ్వానపత్రికలోనో, సంతాప సందేశంలోనో దొర్లిన తప్పుకు ఎర్రసిరాతో దిద్దే గురువు ఉండడు.

ఈ మాటల పుట్టుక తెలిస్తే పొరపాటుకు చోటుండదు. సంస్కృతంలో 'ఈక్ష్' అనే ధాతువుకు చూడడమని అర్థం. ఉపసర్గ మారినప్పుడల్లా ఆ చూపు తీరు మారుతుంది. ప్రత్యేకంగా చూడడం వీక్షణం. మంచిచెడులు రెండింటినీ కలిపి చూడడం సమీక్ష. ఎదురుచూడడం ప్రతీక్ష, నిరీక్షణ. చూచి వదిలివేయడం ఉపేక్ష. అన్నివైపుల నుండి చూడడం పరీక్ష. విద్యార్థికి ఎంతో భయం కలిగించే ఆ మాట కూడా ఈ కుటుంబానికి చెందినదే. ఇలా ఒక ధాతువు నుండి పుట్టిన పదాలను పక్కపక్కన ఉంచి నేర్చుకొన్నవాడు ఒక పదం బదులు ఆరేడు పదాలు నేర్చుకొంటాడు. అంతేకాదు, ఒకదానికి బదులు మరొకటి వాడే ప్రమాదం నుండి బయటపడతాడు.

తప్పు వ్రాస్తానేమోనన్న భయం కొందరిని మరొక దారి పట్టిస్తుంది. 'ఔదార్యం' అన్న పదమిస్తే "ఔదార్యం అనే పదం మా పాఠంలో ఉంది" అని వ్రాస్తారు. ఇది పదాన్ని పేర్కొనడమే కాని ప్రయోగించడం కాదు. ఈ వాక్యం వ్రాయడానికి ఆ పదానికి అర్థం తెలియవలసిన అవసరమే లేదు. ఇంకొందరు "ఆమెలో ఔదార్యం ఉంది" అంటారు. ఇందులో తప్పు లేదు. అయితే 'ఔదార్యం' తీసివేసి ఆ స్థానంలో కోపం, అందం, బద్ధకం వంటి ఏ మాట పెట్టినా వాక్యం చెక్కుచెదరదు. ఏ మాటకైనా సరిపోయే వాక్యం ఏ మాటనూ తెలిపినట్లు కాదు. "వరదలో సర్వం కోల్పోయిన పొరుగువానికి తన పంటలో సగం కొలిచి ఇచ్చిన ఆ రైతు ఔదార్యాన్ని ఊరంతా కొనియాడింది" అన్నప్పుడు వాక్యమే పదానికి అర్థం చెబుతుంది. ఆ పదాన్ని చెరిపివేసి ఖాళీ ఉంచినా చదివేవాడు దాదాపు ఆ మాటనే అక్కడ ఊహించగలడు. సొంతవాక్యానికి ఇంతకు మించిన గీటురాయి లేదు.

పదాలు కలిసి వాక్యార్థాన్ని ఎలా ఇస్తాయన్న ప్రశ్నను భారతీయ శాస్త్రకారులు చాలా లోతుగా చర్చించారు. పదిహేడవ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు న్యాయశాస్త్రంలో ప్రవేశించేవారి కోసం 'తర్కసంగ్రహం' అనే చిన్న గ్రంథం రచించాడు. వాక్యార్థం బోధపడడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు కావాలని ఆయన చెప్పాడు. తర్కశాస్త్రం పేరు వినగానే జంకవలసిన పని లేదు. ఈ మూడూ సొంతవాక్యం వ్రాసే విద్యార్థికి చక్కగా ఉపకరించేవే.

ఆకాంక్ష అంటే ఒక పదం మరొక పదాన్ని కోరడం. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా పలికితే అవి పదాలే కాని వాక్యం కాదు, ఎందుకంటే ఒకటి మరొకదాన్ని కోరడం లేదు. తెలుగులో ఈ కోరిక విభక్తుల ద్వారా తెలుస్తుంది. కొత్త క్రియాపదాన్ని నేర్చుకొనేటప్పుడు దాని అర్థం మాత్రమే గుర్తుంచుకొని అది కోరే విభక్తిని వదిలివేయడం తరచుగా జరిగే పొరపాటు. 'స్ఫురించు' అంటే మనసుకు తోచడం. అర్థం తెలిసిన విద్యార్థి "అతడు మంచి ఉపాయాన్ని స్ఫురించాడు" అని వ్రాస్తాడు. స్ఫురించేది ఉపాయం, మనిషి కాదు. "అతనికి మంచి ఉపాయం స్ఫురించింది" అనాలి. 'అలవడు' కూడా అటువంటిదే. "విద్యార్థులు క్రమశిక్షణ అలవడాలి" అన్న వాక్యం సభలలో తరచు వినిపిస్తుంది. "విద్యార్థులకు క్రమశిక్షణ అలవడాలి" అనైనా అనాలి, "విద్యార్థులు క్రమశిక్షణను అలవరచుకోవాలి" అనైనా అనాలి. అందువల్ల క్రియను ఒంటరిగా కాక 'అతనికి స్ఫురించింది', 'వారికి అలవడింది', 'ఉద్వేగానికి లోనయ్యాడు', 'అడ్డంకిని అధిగమించాడు' అని తోడుతో సహా పుస్తకంలో వ్రాసుకోవడం మేలు.

యోగ్యత అంటే కలిసిన పదాల అర్థాలు ఒకదానికొకటి పొసగడం. నిప్పుతో తడిపాడు అన్న వాక్యం దీనికి ప్రసిద్ధమైన ప్రత్యుదాహరణ. విభక్తి సరిగానే ఉంది. కాని నిప్పుకు తడిపే యోగ్యత లేదు. ఇంత బాహాటమైన తప్పు ఎవరూ చేయరు. అయితే పదాలకు ఇంతకంటె సూక్ష్మమైన యోగ్యత ఒకటుంది. నిఘంటువులో అది పూర్తిగా కనిపించదు, వాడుకలోనే తెలుస్తుంది. 'పాల్పడు' అంటే పూనుకొను అని అర్థం చూచుకొని "మా కళాశాల విద్యార్థులు సమాజసేవకు పాల్పడ్డారు" అని వ్రాస్తే ఆ సేవ నేరమైపోతుంది. నేటి తెలుగులో దొంగతనానికి, దౌర్జన్యానికి, అక్రమాలకు పాల్పడతారే కాని సత్కార్యాలకు కాదు. 'ఒడిగట్టు' కూడా అంతే. ఘాతుకానికి ఒడిగడతారు, రక్తదానానికి ఒడిగట్టరు. శాంతి, ఆనందం వెల్లివిరుస్తాయి; హింస, అవినీతి పెచ్చరిల్లుతాయి. పరాజయాన్ని చవిచూస్తారు, విజయాన్ని సాధిస్తారు. ఈ జంటలను తారుమారు చేస్తే వ్యాకరణం ఊరుకొంటుంది కాని భాష ఊరుకోదు.

'తారసపడు' అన్న మాటలో మరొక రకమైన నియమం దాగి ఉంది. కలవడం, ఎదురుపడడం అని దీని అర్థం. కాని ఆ కలయిక అనుకోకుండా జరగాలి. "ముందుగా అనుకొన్న ప్రకారం పది గంటలకు నా మిత్రుడు బస్టాండులో తారసపడ్డాడు" అన్న వాక్యంలో మొదటి భాగం రెండవ భాగాన్ని కొట్టివేస్తున్నది. "పుష్కరాల రద్దీలో పదేళ్ల క్రితం విడిపోయిన బాల్యమిత్రుడు తారసపడ్డాడు" అన్నప్పుడు ఆ మాట తన ఇంటికి తాను చేరుకొంటుంది.

సన్నిధి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సంబంధమున్న పదాలు దగ్గరగా ఉండాలి. పూట కొక మాట చొప్పున పలికితే వాక్యం కాదని శాస్త్రకారులు అన్నారు. వ్రాతలో కాలం బదులు దూరం అడ్డువస్తుంది. "అవిరళమైన ఆ గ్రామప్రజల కృషి" అంటే అవిరళమైనది గ్రామమో, ప్రజలో, కృషియో తేలదు. "ఆ గ్రామప్రజల అవిరళ కృషి" అంటే చిక్కు వీడిపోతుంది.

అపరిచితమైన పదాన్ని వాక్యంలోకి తెచ్చే క్రమాన్ని ఒక ఉదాహరణతో గమనించవచ్చు. 'కాకతాళీయం' అన్న మాటను తీసుకొందాం. అర్థాల పట్టికలో 'అనుకోకుండా జరిగినది' అని ఉంటుంది. దాన్ని పట్టుకొని విద్యార్థి వ్రాసే మొదటి వాక్యం ఇలా ఉండవచ్చు: "నిన్న కాకతాళీయంగా వర్షం కురిసింది." ఇది సరికాదు. ఎందుకో తెలియాలంటే ఆ మాట వెనుక ఉన్న కథ తెలియాలి. కాకి వచ్చి తాటిచెట్టుపై వాలింది. సరిగ్గా ఆ క్షణంలోనే తాటిపండు రాలింది. కాకి వాలినందువల్ల పండు రాలలేదు. కాకి బరువెంత, తాటిపండు తొడిమ గట్టిదనమెంత! పండు రాలుతుందని తెలిసి కాకి రాలేదు. రెండూ ఒకేసారి జరిగాయి, అంతే. చూచినవారికి మాత్రం ఒకటి కారణం, మరొకటి కార్యం అనిపిస్తుంది. దీన్ని కాకతాళీయ న్యాయం అంటారు.

ఇప్పుడు మొదటి వాక్యంలోని లోపం స్పష్టమవుతుంది. అందులో తాటిపండు ఉంది కాని కాకి లేదు. ఒకే సంఘటన కాకతాళీయం కాజాలదు. రెండు సంఘటనలుండాలి, అవి ఒకేసారి జరగాలి, వాటి మధ్య కార్యకారణ సంబంధం ఉండకూడదు. రెండవ ప్రయత్నంగా "నిన్న మబ్బులు కమ్మి కాకతాళీయంగా వర్షం కురిసింది" అని వ్రాస్తే సంఘటనలు రెండయ్యాయి. కాని మబ్బు వర్షానికి కారణమే కదా! అందువల్ల ఇదీ నిలవదు. "ఊరివారు వరుణయాగం ముగించిన సాయంత్రమే వాన కురవడం కాకతాళీయమని ఒకరు, దైవానుగ్రహమని మరొకరు వాదించుకొన్నారు" అన్న మూడవ వాక్యంలో పదం తన పూర్తి బలంతో నిలబడింది. ఇక్కడ రెండు సంఘటనలున్నాయి. వాటి మధ్య సంబంధం ఉందా లేదా అన్నదే వివాదం. ఆ వివాదంలో ఒక పక్షం చెప్పదలచినదంతా ఈ ఒక్క మాటలో ఇమిడింది. న్యాయస్థానంలోనైనా, వైద్యశాలలోనైనా, పత్రికలోనైనా 'ఇది కాకతాళీయమా?' అన్న ప్రశ్నకు ఎంతో విలువ ఉంటుంది. మందు వేసుకొన్న మరునాడు జ్వరం తగ్గితే అది మందు వల్లనేనా అని ప్రశ్నించగలిగినవాడు ఈ మాటను నిజంగా నేర్చినవాడు.

అర్థం, విభక్తి, పొందిక తెలిసిన తరువాత కూడా ఒక చిక్కు మిగులుతుంది. పదాలకు కాలక్రమంలో అర్థాలు మారుతాయి. భాషాశాస్త్రజ్ఞులు దీనిని అర్థవిపరిణామం అన్నారు. నువ్వుల నుండి తీసిన నెయ్యి 'నూనె' కాగా, నేడు కొబ్బరినూనె, వేరుసెనగనూనె కూడా నూనెలే. ధర్మశాస్త్రాలలో దోపిడీ, హత్య వంటి దుష్కృత్యాలను తెలిపిన 'సాహసం' నేడు మెచ్చుకోలు మాట అయింది. ఛందస్సు అంటే వేదం. వేదం చదివిన 'ఛాందసుడు' నేడు పాతను పట్టుకొని వేలాడేవాడయ్యాడు. వేదపండితుని సన్మానపత్రంలో మూలార్థం ఉంది కదా అని 'ఛాందసులు' అని వ్రాస్తే సన్మానం కాస్తా రసాభాస అవుతుంది. పదం పుట్టుక తెలిసి ఉండడం మంచిదే. కాని వాక్యం వ్రాసేది నేటి పాఠకుని కోసం.

కొన్ని మాటలు రెండు అర్థాలతోనూ నేటికీ బతికి ఉన్నాయి. తిరుమలలో స్వామికి చేసే సేవ 'కైంకర్యం'. సంఘం నిధులను కార్యదర్శి కాజేసినా 'కైంకర్యం' చేశాడనే అంటారు. 'ప్రబుద్ధుడు' అంటే మేలుకొన్నవాడు, జ్ఞాని. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి తమ పత్రికకు 'ప్రబుద్ధాంధ్ర' అని పేరు పెట్టింది ఆ గౌరవార్థంలోనే. "ఆ ప్రబుద్ధుడే ఈ పని చేశాడు" అన్నప్పుడు అదే మాట ఎత్తిపొడుపు. 'ఘనకార్యం' సంగతి అందరికీ తెలిసిందే. ఇటువంటి పదాలతో వాక్యం వ్రాసేటప్పుడు ఏ అర్థంలో వాడుతున్నదీ సందర్భం ద్వారా స్పష్టం కావాలి. "ఆయన ఇరవై ఏళ్లు ఆలయంలో కైంకర్యం చేశాడు" అని ఊరకే అంటే ఆయన భక్తుడో, హుండీకి చేటు తెచ్చినవాడో చదివేవాని ఊహకు వదిలినట్లే.

ఒక్క అక్షరం, కొన్నిచోట్ల ఒక్క ఒత్తు, కొంప ముంచే సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. బహుమతులిచ్చే సభ 'ప్రదానోత్సవం'. ప్రదానం అంటే ఇవ్వడం, ప్రధానం అంటే ముఖ్యమైనది. గోడపత్రికలలో 'బహుమతి ప్రధానోత్సవం' కనిపించని సంవత్సరం లేదు. 'అర్థం' అంటే భావం, ధనం. 'అర్ధం' అంటే సగం. కొలత 'పరిమాణం', మార్పు 'పరిణామం'. అన్నిటికంటె భయంకరమైనది 'ఆహూతులు' అన్న మాట విషయంలో జరుగుతుంది. పిలుపునందుకొని వచ్చినవారు ఆహూతులు. హోమాగ్నిలో వేల్చేది ఆహుతి. "సభకు విచ్చేసిన ఆహుతులకు స్వాగతం" అని వేదిక మీద వ్రాసి ఉంచిన సంస్థ, వచ్చిన అతిథులను అగ్నికి అర్పించబోతున్నట్లు ప్రకటించుకొన్నదన్నమాట. ఉత్వానికి దీర్ఘం ఇవ్వకపోవడమే ఇంతటి అనర్థానికి కారణం.

బరువైన పదం వాడితే వాక్యానికి గౌరవం వస్తుందన్న భ్రమ కూడా తొలగాలి. "మా మాతృమూర్తి దోసెలు వేసింది" అన్న వాక్యంలో ప్రతి మాటా సరైనదే. మాతృమూర్తి అంటే తల్లే. అయినా చదివినవాడు నవ్వుతాడు. హాస్యరచనలో ఆ నవ్వు కావలసిందే, మరొకచోట అది వ్రాసినవాని మీదికి మళ్లుతుంది. పదకొండవ శతాబ్ది కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ' అనే గ్రంథంలో ఈ విషయాన్నే వివరించాడు. మొలనూలును మెడలో, ముత్యాలహారాన్ని నడుముకు ధరిస్తే ఎవరు నవ్వరు? నగలు మేలిమివే. ఉన్న చోటు తప్పు.

నిఘంటువును సంప్రదించడం విద్యార్థికి అలవడవలసిన మొదటి గుణం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నిఘంటువు 1852లో, బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరం' 1885లో వెలువడ్డాయి. వాటిని తెరిచినప్పుడు అర్థం ఒక్కటే చూచి మూసివేయకూడదు. పదం పక్కన కనిపించే 'సం.', 'దే.', 'వి.', 'విణ.' వంటి సంకేతాలు ఆ పదం సంస్కృతమో దేశ్యమో, నామవాచకమో విశేషణమో తెలుపుతాయి. అర్థం క్రింద కవుల ప్రయోగాలు ఇచ్చి ఉంటే వాటిని తప్పక చదవాలి. పదం ఎవరి పక్కన కూర్చొన్నదో అక్కడ తెలుస్తుంది. అయితే అవి నూరేళ్లు దాటిన నిఘంటువులు. నేటి వాడుక కోసం దినపత్రికల సంపాదకీయాలను, మంచి వచనరచనలను కూడా తోడు తెచ్చుకోవాలి. ఒక పదం మూడు వేర్వేరు చోట్ల తారసపడిన తరువాత దానితో వాక్యం వ్రాస్తే అది తప్పిపోవడం అరుదు.

చివరగా 'ఆ' అన్న చిన్న ఉపసర్గతో మొదలయ్యే కొన్ని పదాలను పరిశీలించవచ్చు. దీనికి 'వరకు' అని అర్థం. జాను అంటే మోకాలు. మోకాళ్ల వరకు చేతులున్నవాడు ఆజానుబాహువు. పొడవైనదని చెట్టును ఆజానుబాహువు అనకూడదు. సేతువు నుండి హిమాచలం వరకు ఉన్న భూమి అంతా ఆసేతుహిమాచలం. ఆ మాటలోనే రెండు ఎల్లలూ ఇమిడి ఉన్నాయి. అందువల్ల "ఆసేతుహిమాచలం నుండి భక్తులు తరలివచ్చారు" అనడం పొసగదు. 'ఆసేతుహిమాచల పర్యంతం' అన్నది వాడుకలో స్థిరపడింది కాని, అందులో 'పర్యంతం' అదనపు బరువే.

ఈ వరుసలోనిదే 'ఆమరణం'. మరణం వరకు అని అర్థం. పత్రికలలో 'ఆమరణ నిరాహారదీక్ష' ఎంతో తరచుగా కనిపించడం వల్ల ఆ మాటను చదివేవారు తడబడకుండా దాటిపోతారు. నాలుగవ రోజున నిమ్మరసంతో ముగిసిన దీక్షకు కూడా ఆ పేరే పెడతారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం దీక్ష ప్రారంభించారు. 58 రోజుల తరువాత, డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది. "పొట్టి శ్రీరాములు ఆమరణ నిరాహారదీక్ష చేశారు" అన్న వాక్యంలో ఆ ఉపసర్గ నుండి చివరి అక్షరం వరకు ప్రతిదీ అక్షరాలా నిజం.